ఎట్లయ్యింది?



నేను పుట్టి పెరిగింది భివండిలో, పద్మనగర్‌లో. మా ఇంట్లో చిన్న రేడియో ఒకటి ఉండేది. అయితే దాన్ని అందరం కూర్చుని విన్నది చాలా తక్కువ. గోడకు అవతల సాంచెలు పగలూ రాత్రీ ఆడుతుండేవి. సాంచె అంటే మరమగ్గం. తెలంగాణ నుంచి వలస పోయిన మావాళ్ల నోట అదే మాట. ఆ చప్పుడులో మనిషి మాటే వినబడదు, ఇక పాటేం వినబడుతుంది? అమ్మ కండెలు చుట్టుకుంటూ రేడియోను చెవికి ఆనించి పెట్టుకునేది. ఎప్పుడైనా కరెంటు పోతే సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. అప్పుడు ఆ బ్యాటరీ రేడియోలో పాట గల్లీ చివరిదాకా వినిపించేది. కరెంటు రాగానే పాట మళ్లీ అమ్మ ఒక్కదానిదే అయిపోయేది.

ఆ రేడియోలో ఈ రోజు నేను మాట్లాడుతున్నాను. బొమ్మలు వేయడం నా పని. బొమ్మకు ఎంత విలువ ఉందో, అది తయారయ్యే దారికీ అంతే విలువ ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియజెప్పింది ఏ చిత్రకళా పాఠశాలా కాదు. సాంచెల మీద నలభై ఏళ్లు నిలబడ్డ మా నాయిన. ఆ సంగతి మీతో పంచుకుంటాను.

ముందు మా ఊరి గురించి కొంచెం చెప్పాలి. భివండి మహారాష్ట్రలో, ఠాణే దాటాక, కామ్వారీ నది పక్కన ఉంటుంది. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్లు ఇక్కడ చేమగ్గాల మీద బతికారు. కరెంటు వచ్చాక, 1930ల నుంచి మరమగ్గాలు మొదలయ్యాయి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ మిల్లులు మళ్లీ కోలుకోలేదు. అక్కడ నేయాల్సిన గుడ్డ భివండి గల్లీల్లోకి వచ్చిపడింది. మిల్లులు తీసేసిన పాత సాంచెలు కూడా చాలా ఇక్కడికే చేరాయి. నల్గొండ, కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో చేమగ్గం కూడు పెట్టక పద్మశాలీ కుటుంబాలు షోలాపూరు, సూరత్, భివండి దారి పట్టాయి. పద్మనగర్ అట్లా వెలసిన తెలుగు పేట. ఇప్పటికీ మా వీధుల్లో బతుకమ్మ ఆడతారు.

మా నాయిన ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, పన్నెండు గంటల చొప్పున పని చేసేవాడు. నేసింది కోరా గుడ్డ. అంటే రంగూ అద్దకమూ లేని, మగ్గం మీద నుంచి దిగింది దిగినట్టుండే గుడ్డ. కూలి మీటరు లెక్క. పేక అయిపోతే సాంచె తనంతట తానే ఆగుతుంది. పడుగులో పోగు తెగితే మాత్రం మా దగ్గరి పాత సాంచె ఆగదు. తెగిన చోట గుడ్డ మీద సన్నటి గీత పడుతూనే పోతుంది. దాన్ని మనిషి కన్నే పట్టుకోవాలి. నాయిన ఒక్కడే ఆరు సాంచెల మధ్య తిరుగుతూ ఆ గీతను దూరం నుంచే చూసేవాడు. సాంచె ఆపి, తెగిన కొసను వెతికి, కొత్త పోగు కలిపి, బొటనవేలూ చూపుడువేలూ ఒకసారి మెలితిప్పితే ముడి పడిపోయేది. ఎన్నోసార్లు పక్కన నిలబడి చూశాను. ముడి ఎప్పుడు పడిందో నాకు ఏనాడూ కనపడలేదు. చూడకుండా వదిలేసిన గీత ఉంటే, నేసిన గుడ్డ తానును మడత పెట్టేచోట అది బయటపడి కూలిలో కోత పడేది. శనివారం ఇంట్లో రెండే ప్రశ్నలు. ఎన్ని మీటర్లయింది? ఎంత కోసిండ్రు?

నేను బొమ్మలు వేయడం మొదలుపెట్టాక ఆ లెక్కే నా వెంట వచ్చింది. దుకాణాల బోర్డులు రాశాను. గణపతి మండపాలకు తెరలు వేశాను. దేవుళ్ల పటాలు, పెళ్లి మండపాల పేర్లు, ఏది చెబితే అది చేశాను. ఎన్ని అయ్యాయి, ఎంత వచ్చింది, అంతే. చెడిపోయిన కాగితాన్ని ఎవరూ చూడకముందే చింపేసేదాన్ని. అది నాకు కోత పడ్డ గుడ్డ. తరువాత నా సొంత బొమ్మలు వేసుకునే రోజులొచ్చినా ఆ అలవాటు పోలేదు. తెలిసిన రంగు, తెలిసిన కుంచె, తెలిసిన పద్ధతి. చెయ్యి చెడిపోకుండా ఉండే దారే నా దారి. పదేళ్లు అట్లా గడిచాయి. బొమ్మలు అమ్ముడుపోయేవి, నిజమే. కానీ ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య నేను కొత్తగా నేర్చుకున్నది ఏమీ ఉండేది కాదు.

కొన్నేళ్ల కిందట మా పక్క కార్ఖానా మూతపడింది. సాంచెలను తూకానికి అమ్మేశారు. భివండిలో అట్లా అమ్ముడుపోయిన సాంచెలు ఎన్నో. పాత ఇనుము కొనే భంగార్ దుకాణం ముందు వాటి ఇనుము కుప్ప పోసి ఉంది. తుప్పు పట్టిన నట్లు, వంగిన తీగలు, అరిగిన పళ్ల చక్రాలు. నేను ఒక సంచి నింపుకొని ఇంటికి తెచ్చుకున్నాను. నాకు శ్రీకాళహస్తి గుర్తొచ్చింది. అక్కడి కలంకారీ పనివాళ్లు నల్లరంగును ఇనుముతోనే చేస్తారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు నానబెడతారు. ఆ నీటిని కసిమి అంటారు. సాంచె ఇనుముతో నలుపు చేసి, భివండి కోరా గుడ్డ మీద, నాయిన చేతులు గీయాలని నా కోరిక. ఎంత గొప్ప ఆలోచన అని నాకు నేనే మురిసిపోయాను. ఇనుము నానాక, వారంలో బొమ్మ అయిపోతుందనుకున్నాను.

మట్టికుండలో ఇనుము, బెల్లం, నీళ్లు పోసి మూతపెట్టాను. మూడు వారాలకు పుల్లటి వాసన లేచింది. పక్కింటి వదిన, ఇదేం వంట పెట్టినవమ్మా అని అడిగింది. వెదురుపుల్లకు నూలు చుట్టి కలం చేసుకొని, ఆ నీటిలో ముంచి, గుడ్డ మీద మొదటి గీత గీశాను. నీరు గుడ్డలోకి దిగలేదు. పూసల్లా నిలిచి, పక్కకు జారింది. ఆరాక చూస్తే పాలిపోయిన పసుపు మరకలు. నలుపు జాడ కూడా లేదు. విసుగొచ్చి గుడ్డను చింపబోతున్నాను.

నాయిన తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. అప్పటికి ఆయన పని మానేసి రెండేళ్లు. వచ్చి ఆ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. జనం బొమ్మను చూస్తే, బాగుంది అంటారు, బాగలేదు అంటారు. నాయిన ఆ రెండూ అనలేదు.

“ఇది ఎట్లయ్యింది బిడ్డా?” అన్నాడు.

ఎట్లున్నది అని కాదు, ఎట్లయ్యింది అని. నా బొమ్మల గురించి అంతవరకు నన్నెవరూ అడగని ప్రశ్న అది. నేను జరిగింది చెప్పాను. ఆయన గుడ్డను బొటనవేలితో చూపుడువేలి మీద రుద్ది చూశాడు. ముడి వేసే వేళ్లు అవే. “గంజి ఉన్నదిగద దీనికి. పడుగుకు సైజింగ్ చేసినంకనే భీము మనకొస్తది. గంజి లేకుంటే సాంచె మీద పోగు నిలుస్తదా? గంజి ఉన్నన్ని రోజులు నీళ్లు ఎట్ల పడ్తయ్?” అన్నాడు. సైజింగ్ అంటే పడుగుకు గంజి పట్టించడం. భీము అంటే ఆ పడుగును చుట్టిన రోలరు.

నలభై ఏళ్లు ఆ గుడ్డ నేసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. నేను ఒక్కసారి కూడా ఆయన్ను గుడ్డ గురించి అడగలేదు. ఆ రోజు ఇద్దరం కలిసి గుడ్డను ఉడకబెట్టి, బండ మీద బాది, గంజి వదిలేదాకా ఉతికాం.

రెండోసారి నీరు ఇంకింది. కానీ రంగు బూడిద కలిసిన పసుపు. ఎట్లయ్యింది? వెతికితే తెలిసింది, కసిమి ఒంటరిగా నలుపు కాదు. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచాలి. కరక్కాయలోని వగరు, ఇనుపనీరు కలిసినచోట మాత్రమే నలుపు పుడుతుంది. మూడోసారి కరక్కాయలు దంచి నానబెట్టి గుడ్డను ముంచి ఆరబెట్టాను. కలం ఆనించగానే నా కళ్ల ముందే లేతగా ఉన్న నీరు నల్లబడిపోయింది. రంగు సీసాలోంచి రాలేదు. ఆ క్షణంలో, ఆ గుడ్డ మీద పుట్టింది. ఇన్నేళ్ల బొమ్మల్లో నేను అంత సంతోషపడ్డ గీత ఇంకొకటి లేదు.

ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు. గీత అంచులు పాకిపోయాయి. నాయిన వేళ్లు అయిదూ కలిసి ఒక నల్ల మచ్చ అయ్యాయి. అప్పుడు పాలు గుర్తొచ్చాయి. శ్రీకాళహస్తిలో కరక్కాయ నీళ్లలో గేదెపాలు కలుపుతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. నాలుగోసారి పాలు కలిపాను. భివండి వానాకాలం. ఎండ లేక గుడ్డ ఆరక, పాలు పులిసి, ఇల్లంతా వాసన. అయిదోసారి ఎండ కోసం ఆగాను. ఆరోసారి కరక్కాయ ఎక్కువైంది. ఏడోసారి కలానికి చుట్టిన నూలు వదులై చుక్కలు కారాయి.

ఇప్పుడు ఏదీ చింపడం లేదు. ప్రతి ముక్క వెనక పెన్సిలుతో రాస్తున్నాను. ఎన్ని రోజులు నానింది, ఎన్ని కరక్కాయలు, పాలు ఎంత, ఆ రోజు ఎండ ఎట్లా ఉంది. కింద ఒక గీత గీసి, ఎట్లయ్యింది అనే ప్రశ్నకు నాకు తోచిన జవాబు. పదకొండోసారి నాయిన చేతులు వచ్చాయి. ముడి వేస్తున్న వేళ్లు, గోటి పక్కన పోగు కోసిన పాత మచ్చతో సహా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చేసే పనిలోనే ఆనందం ఉందని చెప్పడం సులువు. పన్నెండు గంటలు చెవులు బద్దలయ్యే చప్పుడులో నిలబడ్డ మనిషికి ఆ మాట చెబితే అది అన్యాయం. చేసిందే చేయడం వేరు, చేసి చూడడం వేరు. మొదటిదానిలో చెయ్యి మాత్రమే పని చేస్తుంది. రెండోదానిలో చెయ్యి ప్రశ్న అడుగుతుంది. ఈ తేడా నాకు బాగా అర్థమైంది మా అమ్మమ్మ వల్ల, చింతకింది మల్లేశం గారి వల్ల.

మా అమ్మమ్మది పుట్టపాక. చిటికి కట్టి, అంటే పోగులకు ముడులు కట్టి రంగు వేసి, నేసే చీరలకు ఆసు పోసేది. ఆసు అంటే మీకు తెలిసే ఉంటుంది. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. పేక పోగును అటూ ఇటూ చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. అమ్మమ్మ భుజం ఎప్పుడూ నొప్పే. ఆలేరు దగ్గర శారాజీపేటలో ఒక తల్లి ఇదే పని చేసేది. ఆమె పేరు లక్ష్మి. ఆమె కొడుకు మల్లేశం, ఆరో తరగతితో చదువు ఆపేసినవాడు, అమ్మ చెయ్యి నొప్పి చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం తయారు చేయడం మొదలుపెట్టాడు. చేతికొచ్చింది 1999లో.

ఆ ఏడేళ్లను ఒక్కసారి ఆలోచించండి. ఒక భాగం కుదిరితే ఇంకో భాగం కుదరలేదు. డబ్బు అయిపోయింది. ఊళ్లో నవ్వారు. హైదరాబాదు వెళ్లి కూలి పని చేస్తూ, మిగిలిన డబ్బుతో మళ్లీ ఒక భాగం చేయించుకున్నాడు. పోగును ఒక మేకు నుంచి పక్క మేకుకు మార్చే కదలిక ఒక్కటే తేలలేదు. బాలానగర్‌లో పని మీద వెళ్లిన చోట ఒక యంత్రం కదలికను చూసినప్పుడు దానికి జవాబు దొరికింది. నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరకు తగ్గింది. ఆ యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది.

తల్లి చేతిది ఒకే కదలిక, వేలసార్లు. కొడుకు చేతిది ప్రతిసారీ ఒక మార్పు, ఏడేళ్లు. ఇద్దరిదీ శ్రమే. కానీ కొడుకు శ్రమలో ప్రతి ఓటమీ తరువాతి అడుగుకు చోటు చూపింది. మనం విలువ ఇవ్వాల్సింది ఆ అడుగులకు. ఆ యంత్రం ఆ అడుగుల చివర ఉంది. బాలానగర్‌లో ఆ కదలికను ఎంతమంది చూడలేదు? ఏడేళ్లు అదే ప్రశ్న మోసిన కళ్లకు మాత్రమే అందులో జవాబు కనిపించింది.

చిత్రకళలోనూ ఇదే దారి నడిచినవాళ్లు ఉన్నారు. భివండికి దగ్గరే, బొంబాయిలో, 1950లలో, చేనేతకు అండగా నిలిచిన పుపుల్ జయకర్ చొరవతో వీవర్స్ సర్వీస్ సెంటర్ మొదలైంది. చిత్రకారులను తీసుకొచ్చి నేతగాళ్ల పక్కన కూర్చోబెట్టిన చోటు అది. శాంతినికేతన్‌లో చదివిన గొప్ప చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ 1959 నుంచి 1961 వరకు బొంబాయిలో అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ల విభాగానికి డిప్యూటీ డైరెక్టరుగా ఉన్నారు. ఆయన ఒక్క రంగు దగ్గర, ఒక్క పద్ధతి దగ్గర ఆగలేదు. నేతను తెలుసుకున్నారు. కాల్చిన మట్టి పలకలు చేశారు, గాజు మీద బొమ్మలు వేశారు, పిల్లలకు ఆటబొమ్మలు చేశారు. ఒక వస్తువు చేతికి ఏం చెబుతుందో వినడమే ఆయన విద్య.

ఆయన బరోడాలో పాఠం చెప్పినవాళ్లలో మన తోట వైకుంఠం గారు ఒకరు. 1942లో బూరుగుపల్లిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. ఈ రోజు వైకుంఠం గారి బొమ్మ అనగానే పెద్ద బొట్టు, నిండు ఎరుపు చీర, ముక్కుపుడక పెట్టుకున్న తెలంగాణ ఆడమనిషి కళ్ల ముందు నిలుస్తుంది. ఆ రంగుల వెనక బొగ్గుతో గీసిన ఏళ్లున్నాయి. బరోడా చదువు, అచ్చు బొమ్మల పని, బి. నర్సింగరావు ‘దాసి’ సినిమాకు కళా దర్శకత్వం ఉన్నాయి. ఆ పనికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. గోడ మీద మనం చూసేది ఆ ఎరుపు ఒక్కటే. అది ఎట్లయ్యింది అని అడిగినవాళ్లకే మిగతా దారి అంతా కనిపిస్తుంది.

నా గుడ్డముక్కల దగ్గరికి మళ్లీ వస్తాను. పద్మనగర్‌లో ఆదివారాలు కొందరు పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. వాళ్లలో చాలామంది సాంచెల ఇళ్ల పిల్లలే. ఒకరోజు నా పదకొండు ముక్కలనూ తాడు కట్టి వరుసగా వేలాడదీశాను. మొదట పసుపు మరకల గుడ్డ, చివర నాయిన చేతులు. చూడమని నాయినను పిలిచాను. ఆయన చివరి బొమ్మ దగ్గరికి పోతాడనుకున్నాను. పోలేదు. మొదటి ముక్క దగ్గరే ఆగాడు. గుడ్డ తానును మడత పెట్టేచోట చూసినట్టు, దాన్ని వెలుగుకు ఎత్తి చూశాడు.

“ఇది కోత పడ్డ గుడ్డ గద బిడ్డా. దీన్నే ముందర పెట్టినవా?” అన్నాడు.

“ముందర అయ్యింది ఇదే గద నాయినా” అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. ముక్క ముక్క దగ్గరా ఆగుతూ, వెనక్కి తిప్పి, నేను రాసింది పెదవులతో చదువుకుంటూ నడిచాడు. ఏడో ముక్క దగ్గర పిల్లలు చుట్టూ చేరారు. చుక్కలు ఎందుకు కారాయో, నూలు ఎట్లా బిగించి చుడితే కారదో, కలం చేతిలోకి తీసుకొని వాళ్లకు చూపించాడు. నలభై ఏళ్లు మీటర్లు మాత్రమే అడిగించుకున్న మనిషిని ఆ పూట పిల్లలు ఎట్లా, ఎట్లా అని అడుగుతూనే ఉన్నారు. నాయిన చెబుతూనే ఉన్నాడు. చివరి ముక్క దాకా, తన చేతుల బొమ్మ దాకా, వచ్చేసరికి చీకటి పడింది. లైటు వేసి చూపించాను.

ఈ మాటలు వింటున్న మీలో బొమ్మలు వేసేవాళ్లు ఉండవచ్చు. నేసేవాళ్లు, కుట్టేవాళ్లు, వంట చేసేవాళ్లు, చెక్కపని చేసేవాళ్లు ఉండవచ్చు. నా మనవి ఒకటే. చెడిపోయిన ముక్కను ఈసారి పారేయకండి. వెనక తారీఖు వేసి, ఏం చేశారో రెండు ముక్కలు రాసి దాచండి. మీ పిల్లలు ఏదైనా చేసి చూపించినప్పుడు, బాగుంది అనే ముందు ఒక్క ప్రశ్న అడగండి. మీ ఇంట్లో ఒక పనిలో ముదిరిన చేతులు ఉంటే, ఆ చేతుల పక్కన కూర్చుని అదే ప్రశ్న అడగండి.

ఇది ఎట్లయ్యింది?

అడిగి, ఆ జవాబు పూర్తయ్యేదాకా వినండి.